రచ్చ గెలిచిన జట్టు ఇంట గెలవలేకపోతే

2019 సెప్టెంబర్ 10 రాత్రి దోహాలో భారత ఫుట్‌బాల్ జట్టు ఖతార్‌తో 0-0గా డ్రా చేసుకుంది. అప్పటికి ఖతార్ ఆసియా చాంపియన్. జ్వరం వల్ల కెప్టెన్ సునీల్ ఛెత్రీ ఆ మ్యాచ్ ఆడలేదు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధూ కెప్టెన్ పట్టీ కట్టుకుని మీదికొచ్చిన బంతినల్లా ఆపుతూ పోయాడు. మన వాళ్లు గోల్ కొట్టలేదు సరికదా, కొట్టడానికి చేసిన ప్రయత్నాలు కూడా వేళ్ల మీద లెక్కపెట్టదగినవే. అయినా దేశమంతటా ఫుట్‌బాల్ అభిమానులు గెలిచినంత సంబరపడ్డారు.

సరిగ్గా 35 రోజుల తర్వాత అదే జట్టు కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో బంగ్లాదేశ్‌తో ఆడింది. యాభై వేలకు పైగా జనం వచ్చారు. 42వ నిమిషంలో ఫ్రీకిక్ నుంచి గాల్లో వచ్చిన బంతిని గుర్‌ప్రీత్ అంచనా వేయలేకపోయాడు, సాద్ ఉద్దీన్ తలతో లోపలికి నెట్టేశాడు. మ్యాచ్ అయిపోవస్తుండగా 88వ నిమిషంలో ఆదిల్ ఖాన్ కార్నర్‌ను తలతో గోల్‌గా మలిచి స్కోరు 1-1 చేశాడు. ఆఖరి నిమిషాల్లో ఓటమి తప్పితే ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఆ రాత్రి స్టేడియం నుంచి జనం తలలు వంచుకుని ఇళ్లకు వెళ్లారు. ఓడిపోయినంత దిగులు.

రెండు చోట్లా దక్కింది ఒక్కొక్క పాయింటే. రెండూ ఒకే ప్రపంచకప్ అర్హత పోటీలోని మ్యాచ్‌లు. మరి ఒకదానికి సంబరం, మరొకదానికి సంతాపం ఎందుకు? ఎదుటి జట్టు బలం వేరు కనుక అని చెప్పి వదిలేయవచ్చు. అది నిజమే, కానీ సగమే. సొంత మైదానంలో డ్రా అయినప్పుడు అభిమానికి కలిగే మంటలో మూడు నాలుగు వేర్వేరు విషయాలు కలగలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూస్తే ఒక సంగతి తేలుతుంది. అభిమాని తిట్టే మనిషి చాలాసార్లు తప్పు మనిషే, కానీ అతనికి కలిగిన బాధ మాత్రం సరైన చోటనే పుట్టింది. గత ఐదారేళ్ల భారత జట్టు ప్రయాణం దీనికి నాకు తెలిసిన అత్యంత స్పష్టమైన ఉదాహరణ.

ఒక పాయింటు వచ్చిందా, రెండు పోయాయా

ముందుగా అంకెల సంగతి. ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి ఉండేవి. డ్రా అంటే నిజంగానే చెరిసగం. ఈ లెక్క వల్ల జట్లు డ్రా కోసమే ఆడటం అలవాటు చేసుకున్నాయని 1981లో ఇంగ్లండ్ లీగు గెలుపుకు మూడు పాయింట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1994 ప్రపంచకప్‌లోనూ అదే పద్ధతి వచ్చింది, తర్వాత లోకమంతా పాకింది. చూడటానికి చిన్న మార్పు. కానీ దానితో డ్రా అర్థమే మారిపోయింది. ఎవరైనా గెలిస్తే ఆ మ్యాచ్ నుంచి మూడు పాయింట్లు బయటికి వస్తాయి, డ్రా అయితే రెండే వస్తాయి. ఆ మూడోది ఎవరికీ చెందకుండా ఆవిరైపోతుంది. డ్రా ఇప్పుడు పంపకం కాదు, ఇద్దరూ కలిసి పోగొట్టుకోవడం.

ఆ పోగొట్టుకున్నది ఇద్దరికీ ఒకేలా తగలదు. గ్రూపులో ప్రతి జట్టూ ఎదుటివారితో ఇంట ఒకసారి, బయట ఒకసారి ఆడుతుంది. షెడ్యూలు విడుదలైన రోజే అభిమాని పెన్ను పట్టుకుంటాడు. ఇంట్లో ఫలానా జట్టుతో మూడు, బయట ఫలానా జట్టుతో ఒకటి దక్కినా చాలు అని వేసుకుంటాడు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే ఉంటుంది నిజానికి, కానీ ప్రతి కోచ్ కూడా ఇదే లెక్క వేసుకుంటాడు. కనుక దోహాలో వచ్చిన పాయింటు లెక్కలో లేనిది, కలిసొచ్చింది. కోల్‌కతాలో వచ్చిన పాయింటు లెక్కలో ఉన్న మూడింటిలో మిగిలినది. చేతికి రాకముందే మనదనుకున్నది పోతే, అసలు ఆశించనిది రాకపోవడం కంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. జేబులో పెట్టుకున్న వంద రూపాయలు పోయిన రోజును తలచుకుంటే చాలు.

ఇలాంటి డ్రాకు ఎంత ధర చెల్లించవలసి వచ్చిందో 2024 జూన్‌లో రూపాయి పైసలతో సహా చూశాం.

ఛెత్రీ ఆఖరి మ్యాచ్ లెక్క

2024 జూన్ 6న అదే సాల్ట్‌లేక్ స్టేడియంలో కువైట్‌తో మ్యాచ్. 2026 ప్రపంచకప్ అర్హత పోటీల రెండో దశ. నాలుగు జట్ల గ్రూపులో మొదటి రెండు జట్లకే మూడో దశ. మన జట్టు అంతకుముందెప్పుడూ ఆ గడప తొక్కలేదు. పైగా అది సునీల్ ఛెత్రీ వీడ్కోలు మ్యాచ్. సికింద్రాబాద్‌లో పుట్టిన ఈ మనిషి ఆ రోజుకు 150 మ్యాచ్‌లాడి 94 గోల్స్ చేశాడు. దాదాపు 59 వేల మంది స్టేడియానికి వచ్చారు.

ఏడు నెలల ముందు, 2023 నవంబర్ 16న కువైట్‌ను కువైట్‌లోనే 1-0తో ఓడించి వచ్చాం. మన్‌వీర్ సింగ్ కొట్టిన గోల్. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనం ముందు రచ్చ గెలిచి వచ్చాం, ఇక ఇంట గెలవడమే మిగిలింది. ఆ మ్యాచ్ మొదలయ్యే సరికి గ్రూపులో ఖతార్‌కు 12 పాయింట్లు, మనకూ అఫ్గానిస్తాన్‌కూ నాలుగేసి, కువైట్‌కు మూడు.

మ్యాచ్ 0-0గా ముగిసింది. విరామం తర్వాత బరిలోకి దిగిన రహీం అలీకి గోల్‌కీపర్ ఒక్కడే ఎదుట మిగిలిన అవకాశం వచ్చింది. కీపర్ ఆపేశాడు. అంతకుమించి చెప్పుకోదగ్గ అవకాశాలు పెద్దగా లేవు. మనకు ఐదు పాయింట్లు, కువైట్‌కు నాలుగు.

పట్టికలో చూస్తే మనమే ఒక పాయింటు ముందున్నాం కదా అనిపిస్తుంది. కానీ మిగిలిన ఒక్క మ్యాచ్ ఎవరికి ఎవరితో ఉందో చూడాలి. కువైట్ తన గడ్డ మీద అఫ్గానిస్తాన్‌తో ఆడాలి. మనం దోహాలో ఖతార్‌తో ఆడాలి. అంటే ఆ రాత్రి పంచుకున్న ఒక్కొక్క పాయింటు కువైట్‌ను బతికించింది, మనల్ని ఖతార్ దయకు వదిలింది. స్టేడియంలో ఉన్న జనానికి ఈ లెక్క తెలుసు. అందుకే ఛెత్రీ కోసం వచ్చిన కన్నీళ్లలో ఇంకో బాధ కూడా కలిసింది.

జూన్ 11న అఫ్గానిస్తాన్‌ను కువైట్ 1-0తో ఓడించి ఏడు పాయింట్లతో మూడో దశకు వెళ్లింది. దోహాలో మనం మొదట ఛాంగ్తే గోల్‌తో ఆధిక్యంలోకి వెళ్లి, 2-1తో ఓడిపోయాం. 73వ నిమిషంలో ఖతార్ స్కోరు సమం చేసిన గోల్ వివాదాస్పదం. బంతి గీత దాటి బయటికి వెళ్లాక వెనక్కి లాగి కొట్టారని టీవీలో చూసినవారందరికీ కనిపించింది. రిఫరీ మాత్రం గోల్ ఇచ్చాడు. దేశమంతా రిఫరీని తిట్టింది. నేనూ తిట్టాను, అది అన్యాయమే.

కానీ ఒక్కసారి వెనక్కి వెళ్లి లెక్క వేయండి. కోల్‌కతాలో ఒకే ఒక్క గోల్ కొట్టి గెలిచి ఉంటే మనకు ఏడు పాయింట్లు ఉండేవి, కువైట్‌కు మూడే ఉండేవి. ఆఖరి రోజు ఫలితాలు ఉన్నవి ఉన్నట్టే జరిగినా మనం ఏడుతో రెండో స్థానంలో ఉండేవాళ్లం, కువైట్ ఆరుతో ఆగిపోయేది. దోహాలో రిఫరీ ఏం చేసినా ఫరక్ పడేది కాదు. మూడో దశ తలుపు మూసుకున్నది సాల్ట్‌లేక్‌లో. ఆ రాత్రి గొంతులు పోయేలా అరిచి నోరు కట్టుకుపోయి బయటికి నడిచిన 59 వేల మంది ఐదు రోజులు ముందే సరైన ఫలితం చదివేశారు.

ఇంట్లో ఎందుకు కష్టం

సొంత మైదానం అంటే లాభమే కదా, మరి అక్కడే ఎందుకు ఇరుక్కుంటారు? లాభం ఉన్న మాట నిజం. ప్రయాణ బడలిక లేదు, గడ్డి తెలిసినదే, జనం మనవాళ్లే. జనం హోరు రిఫరీ మీద కూడా కొంత పనిచేస్తుంది. కరోనా రోజుల్లో ఖాళీ స్టేడియంలలో మ్యాచ్‌లు జరిగినప్పుడు సొంత జట్టు లాభం తగ్గిందని, బయటి జట్టుకు చూపే పసుపు కార్డులు కూడా తగ్గాయని పరిశోధకులు గమనించారు.

కానీ సొంత మైదానం ఒక బాధ్యతను కూడా నెత్తిన పెడుతుంది. ఆట నడిపించవలసింది నువ్వే. దోహాలో మనం వెనక్కి జరిగి కాచుకుంటే చాలు, బంతితో ఏం చేయాలన్నది ఖతార్ తలనొప్పి. కోల్‌కతాకు వచ్చేసరికి ఆ తలనొప్పి మనది. ఎదుటి జట్టు పదిమందినీ తన సగంలోకి లాక్కుని, పెనాల్టీ బాక్సు ముందు నలుగురినో ఐదుగురినో ఒక వరుస, వారి ముందు మరో నలుగురిని ఇంకో వరుస నిలబెడుతుంది. రెండు వరుసల మధ్య దూరం పది పన్నెండు గజాలకు మించనివ్వదు. బంతి మీకే వదిలేస్తుంది, ఖాళీ మాత్రం ఇవ్వదు.

అప్పుడు ఏం జరుగుతుందో ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఓపికగా గమనించండి. కుడి ఫుల్‌బ్యాక్, అంటే వెనక వరుసలో కుడి అంచున ఆడేవాడి దగ్గర బంతి ఉంటుంది. ముందు దారి లేదు. వెనక్కి, వరుస మధ్యలో ఉండే సెంటర్‌బ్యాక్‌కు ఇస్తాడు. అతను పక్కనున్న సెంటర్‌బ్యాక్‌కు, అతను ఎడమ ఫుల్‌బ్యాక్‌కు. అక్కడా దారి లేదు. మళ్లీ అదే బాటలో వెనక్కి. బంతి గుర్రపు నాడా ఆకారంలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతూ ఉంటుంది. నాడా మధ్యలోని ఖాళీలోకి, అంటే అసలు గోల్ పుట్టే చోటికి మాత్రం వెళ్లదు. ఆట మన చేతిలోనే ఉందని బంతి స్వాధీనం అంకెలు చెబుతాయి. గోడ చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నామని కళ్లు చెబుతాయి. గ్యాలరీలో మొదటి గొణుగుడు సరిగ్గా ఇక్కడ మొదలవుతుంది, ఇరవయ్యో నిమిషం ప్రాంతంలో, ఒక వెనక్కి పాస్ దగ్గర.

గోడ పగలాలంటే కొన్నే దారులు. బంతిని ఒక వైపు నుంచి మరో వైపుకు ఎంత వేగంగా మార్చాలంటే, వరుస జరిగేలోపు ఒక సందు తెరుచుకోవాలి. లేదా రెండు వరుసల మధ్య వీపు గోల్ వైపు పెట్టి బంతి అందుకుని ఒక్క తాకుతో తిరగగల మిడ్‌ఫీల్డర్ ఉండాలి. లేదా ఒంటరిగా ఒకడిని దాటేసి లోపలికి దూసుకెళ్లే వింగర్, అంటే అంచు వెంట దాడి చేసే ఆటగాడు ఉండాలి. ఇవేవీ లేకపోతే మిగిలేది బయటి నుంచి గాల్లోకి క్రాస్‌లు వేయడం. పెనాల్టీ బాక్సులో ఎత్తైన డిఫెండర్లు ఎదురుచూసేది కూడా దానికోసమే. పదుల కొద్దీ క్రాస్‌లు వేస్తే ఒకటి ఫలిస్తుంది, ఫలించని రోజే ఎక్కువ.

దీనికి తోడు గడియారం. 0-0గా నిమిషాలు గడిచేకొద్దీ సొంత జట్టు తొందరపడుతుంది. మనుషులు ముందుకు వెళ్తారు, వెనక ఖాళీ ఏర్పడుతుంది, ఒక్క ఎదురుదాడిలో ఓడిపోయే ప్రమాదం వస్తుంది. జనం అరుపు అప్పటిదాకా రెక్కలిచ్చింది, ఇప్పుడు కాళ్లకు అడ్డం పడుతుంది. మొదటి అరగంటలో గోల్ పడితే ఎదుటి జట్టు గోడ విడిచి బయటికి రాక తప్పదు, ఆట తెరుచుకుంటుంది. మొదటి గోల్ కోసం అభిమానులు అంతగా ఆరాటపడటంలో న్యాయం ఉంది.

మంచి డ్రా, చెడ్డ డ్రా

అన్ని డ్రాలనూ ఒకే గాటన కట్టకూడదు. ఫుట్‌బాల్ గోల్స్ తక్కువ పడే ఆట. ఒక మ్యాచ్‌లో మొత్తం రెండు మూడు గోల్స్ పడే చోట అదృష్టానికి వాటా ఎక్కువ. పెద్ద లీగులలో దాదాపు నాలుగు మ్యాచ్‌లకు ఒకటి డ్రాగానే ముగుస్తుంది. స్తంభానికి తగిలిన రెండు షాట్లు ఒక అంగుళం లోపలికి పోయి ఉంటే కథ వేరు. అందుకే ఈ రోజుల్లో విశ్లేషకులు గోల్స్‌తో పాటు అవకాశాల నాణ్యతను కూడా కొలుస్తారు. పెనాల్టీ నాలుగింట మూడుసార్లకు పైగా గోల్ అవుతుంది. పెనాల్టీ బాక్సు బయట నుంచి కొట్టిన షాట్లు పాతికో ముప్పయ్యో కొడితే ఒకటి లోపలికి పోతుంది. ఒక జట్టు మ్యాచ్ మొత్తంలో సంపాదించిన అవకాశాలన్నిటి విలువ కూడితే, అది రెండు గోల్స్‌కు తగ్గ ఆట ఆడిందా, అర గోల్‌కు తగ్గ ఆట ఆడిందా తెలుస్తుంది. రెండు గోల్స్‌కు తగ్గ ఆట ఆడి 0-0 అయితే ఆ రోజు కలిసిరాలేదు, వచ్చే వారం కలిసొస్తుంది. అర గోల్‌కు తగ్గ ఆట ఆడి 0-0 అయితే వచ్చే వారం కూడా అంతే.

గ్యాలరీలో కూర్చున్న మనిషికి ఈ అంకెలు అక్కర్లేదు. లేచి నిలబడిన సందర్భాలు ఎన్నో అతని మోకాళ్లకు గుర్తుంటాయి. అవకాశం వచ్చి పోయినప్పుడు నోటి నుంచి వచ్చే ‘అబ్బా’, అవకాశమే రానప్పుడు వచ్చే నిట్టూర్పు వేర్వేరు శబ్దాలు. ఏ స్టేడియంలోనైనా కళ్లు మూసుకుని విన్నా తేడా తెలిసిపోతుంది. కువైట్‌తో మ్యాచ్‌లో వినిపించింది రెండోదే.

మన దగ్గరే కాదు. 2023 ఏప్రిల్ 21న లండన్‌లో ఆర్సెనల్ తన మైదానంలో, పట్టికలో అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో ఆడి 3-3గా డ్రా చేసుకుంది. 88వ నిమిషం దాకా 1-3తో వెనకబడి రెండు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టింది. వేరే రోజైతే ఆ పుంజుకున్న తీరును ఏళ్ల తరబడి చెప్పుకునేవారు. కానీ అది వరుసగా మూడో డ్రా, వెనక నుంచి మాంచెస్టర్ సిటీ తరుముకొస్తోంది. ఐదు రోజుల తర్వాత సిటీ 4-1తో ఓడించింది. సీజన్ ముగిసేసరికి సిటీకి 89, ఆర్సెనల్‌కు 84. తెలుగు రాష్ట్రాలలో అర్ధరాత్రి దాటినా మేలుకుని ప్రీమియర్ లీగ్ చూసే పిల్లలు చాలామంది ఉన్నారు, వారిలో ఆర్సెనల్ అభిమానులకు ఆ రాత్రి ఇప్పటికీ గుర్తుంటుంది. ఆర్సెనల్‌కు, మన జట్టుకు ఒక ముఖ్యమైన తేడా మాత్రం ఉంది. వారికి గోల్స్ కొట్టడం వచ్చు. మన కష్టం అక్కడే మొదలవుతుంది.

గచ్చిబౌలిలో ఒక సాయంత్రం

2024 సెప్టెంబర్ 3న ఆ కష్టం మన ఇంటికే వచ్చింది. హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ తొలి మ్యాచ్. ఎదుట మారిషస్. ఫిఫా ర్యాంకుల్లో మనం 124, వారు 179. కొత్త కోచ్ మనోలో మార్కెజ్‌కు అదే మొదటి మ్యాచ్. హైదరాబాద్ ఎఫ్‌సీని 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) విజేతగా నిలిపిన ఆయనకు గచ్చిబౌలి సొంతిల్లు లాంటిది. ఛెత్రీ తర్వాతి జట్టుకు అంతకంటే అనువైన ఆరంభం దొరకదు. ఫలితం 0-0.

మరుసటి రోజు సెప్టెంబర్ 4. 1962లో అదే రోజున జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి భారత జట్టు ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. ముందు వరుసలో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టంటే కలకత్తా పెద్ద క్లబ్బులు కూడా జంకిన రోజులవి. ఈ ఊళ్లో, ఆ రోజుకు ఒక్క రోజు ముందు, మారిషస్ మీద ఒక్క గోల్ రాలేదు. పాత వైభవాన్ని తలచుకుని కుమిలిపోవడం నాకు ఇష్టం ఉండదు, కానీ ఆ సాయంత్రం తలచుకోకుండా ఉండటం నా వల్ల కాలేదు.

ఆ తర్వాత సిరియా చేతిలో 0-3. నవంబర్ 18న మళ్లీ గచ్చిబౌలిలోనే మలేసియాతో 1-1. దానితో 2024 ముగిసింది. ఆ ఏడాది 11 మ్యాచ్‌లు ఆడిన భారత జట్టు ఒక్కటీ గెలవలేదు. ఆరు ఓటములు, ఐదు డ్రాలు. మూడు డ్రాలు సొంత గడ్డ మీదే.

గోల్స్ ఎందుకు రావడం లేదు? ఇక్కడే అభిమాని వేలు తప్పు మనిషి వైపు చూపిస్తుంది. రహీం అలీ ఎందుకు కొట్టలేదు, మన్‌వీర్ ఎందుకు కొట్టలేదు, కోచ్ ఫలానా వాడిని ఎందుకు దించలేదు అంటారు. ఐఎస్‌ఎల్ 2014లో మొదలైంది. మొదటి 11 సీజన్లలో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ ఒక్క భారతీయుడికీ దక్కలేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ కప్పు గెలిచిన ఏడాది ఆ అవార్డు అందుకున్నది కూడా హైదరాబాద్ ఆటగాడే, నైజీరియాకు చెందిన బార్తలోమ్యూ ఒగ్బెచే. అతని 18 గోల్స్ లేకుండా ఆ కప్పు మనకు వచ్చేది కాదు. నేను అతనికి రుణపడి ఉంటాను. కానీ క్లబ్బుల ఆలోచన చూడండి. డబ్బు పెట్టి విదేశీయుణ్ణి తెచ్చుకునేటప్పుడు అందరికంటే ముందు స్ట్రైకర్‌ను తెచ్చుకుంటారు, గెలుపు అక్కడే కనుక. తొలినాళ్లలో మైదానంలో ఒకేసారి ఆరుగురు విదేశీయులు ఆడేవారు, తర్వాత ఐదుగురు, 2021-22 నుంచి నలుగురు. సంఖ్య తగ్గినా స్ట్రైకర్ కుర్చీ మాత్రం వారిదే. పద్దెనిమిదేళ్లకు స్ట్రైకర్‌గా వచ్చిన మన కుర్రాణ్ణి క్లబ్బులో వింగ్‌కు జరుపుతారు, లేదా ఆఖరి పదిహేను నిమిషాలకు దించుతారు. గోల్ ముందు అర క్షణంలో ఏ కాలితో కొట్టాలో నిర్ణయించడం రోజూ చేస్తే వచ్చే విద్య. వారం వారం చేయనివాణ్ణి ఒక రాత్రి 59 వేల మంది ముందు కీపర్‌కు ఎదురుగా నిలబెట్టి కొట్టమంటే ఎలా?

ఛెత్రీ ఈ గోడలో ఒక కిటికీ. బెంగళూరు ఎఫ్‌సీలో ఆయన కూడా ఎన్నోసార్లు విదేశీ స్ట్రైకర్ పక్కనే ఆడాడు, అయినా కొట్టాడు. ఆయన 94 గోల్స్ రెండు దశాబ్దాల పాటు ఈ లోటు కనబడకుండా కప్పేశాయి. ఆయన వెళ్లే రోజుకు జట్టులో ఆ అంకెలో పావు వంతు దగ్గరికి వచ్చినవారు కూడా లేరు. ఓడిపోయిన మ్యాచ్‌లో ఈ లోటు బయటపడదు, ఎదుటివాడు బలవంతుడు అని సరిపెట్టుకుంటాం. బయట డ్రా చేసుకుంటే అసలే బయటపడదు. మనకంటే తక్కువ జట్టు మన ఊరికి వచ్చి, బంతి మనకే ఇచ్చి, ఏం చేస్తావో చేసుకో అన్న రోజున మాత్రం దాచడానికి చోటు ఉండదు.

కోచ్ కూడా అభిమానే అయిన రోజు

2025 మార్చిలో జరిగింది చూస్తే ఇది మరింత తెలుస్తుంది. 40 ఏళ్ల ఛెత్రీ వీడ్కోలు వెనక్కి తీసుకుని మళ్లీ జట్టులోకి వచ్చాడు. మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవులపై 3-0తో గెలిచాం. 489 రోజుల తర్వాత వచ్చిన గెలుపు, అందులో ఛెత్రీ గోల్ ఒకటి. ఆరు రోజుల తర్వాత అదే మైదానంలో ఆసియా కప్ అర్హత పోటీ తొలి మ్యాచ్, మళ్లీ బంగ్లాదేశ్. ర్యాంకుల్లో మనం 126, వారు 185. ఇంగ్లిష్ లీగులలో ఆడిన హంజా చౌధురీ ఆ రోజే బంగ్లాదేశ్ తరఫున తొలిసారి దిగాడు. మొదటి సగంలో మన వెనక వరుస చేసిన పొరపాట్లకు బంగ్లాదేశ్ గోల్ చేయకపోవడం మన అదృష్టం. 0-0.

మ్యాచ్ తర్వాత మనోలో మార్కెజ్ విలేకరుల ముందు తన కోపాన్ని, నిరాశను ఏమాత్రం దాచుకోలేదు. సాధారణంగా కోచ్‌లు ఇలాంటప్పుడు ఒక పాయింటైనా దక్కింది, సానుకూల అంశాలు ఉన్నాయి అంటారు. ఆయన అనలేదు. గ్యాలరీలో ఉన్నవారు ఏం అనుకున్నారో అదే ఆయనా చెప్పాడు. నాకు ఆ నిజాయితీ నచ్చింది. ఆ గ్రూపు నుంచి ఒకే ఒక్క జట్టుకు ఆసియా కప్ అవకాశం ఉన్నప్పుడు, బలహీనమైనదనుకున్న జట్టుతో ఇంట్లో డ్రా అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

తర్వాత జరిగింది తెలిసిందే. జూన్‌లో హాంకాంగ్‌లో 0-1. జులైలో మార్కెజ్ వెళ్లిపోయాడు, ఆగస్టులో ఖాలిద్ జమీల్ కోచ్‌గా వచ్చాడు. అక్టోబర్ 9న సింగపూర్‌లో 1-1, ఐదు రోజులకు గోవాలో అదే సింగపూర్ చేతిలో 1-2. నాలుగు మ్యాచ్‌లలో రెండే పాయింట్లు, ఆసియా కప్ ఆశలు ముగిశాయి. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ కూడా 1-0తో గెలిచింది. ఖతార్‌లో ఓటమి తర్వాత 2024 జూన్‌లో అప్పటి కోచ్ ఇగోర్ స్టిమాక్‌ను తప్పించారు. అంటే పదిహేను నెలల లోపే మూడో కోచ్. కోచ్ మారితే వరుసలు ఎలా నిలబెట్టాలో మారుతుంది, బంతి ఎంత వేగంగా తిప్పాలో మారుతుంది. క్లబ్బులో స్ట్రైకర్‌గా ఆడని కుర్రాడు మాత్రం కోచ్ మారినంత మాత్రాన స్ట్రైకర్ అయిపోడు.

అరిచేవారు, రానివారు

డ్రా తర్వాత సొంత జట్టును గేలి చేయవచ్చా అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది. ఛెత్రీ దీనికి 2018లోనే జవాబు చెప్పాడు. ఆ జూన్ 1న ముంబైలో చైనీస్ తైపీపై భారత్ 5-0తో గెలిచింది, అందులో మూడు గోల్స్ ఛెత్రీవే. స్టేడియంలో ఉన్నది 2,569 మంది. మరుసటి రోజు ఆయన ఒక వీడియోలో చేతులు జోడించినంత పని చేశాడు. మమ్మల్ని విమర్శించండి, తిట్టండి, కానీ స్టేడియానికి వచ్చి ముఖం మీద తిట్టండి అన్నది ఆ మాటల సారాంశం. జూన్ 4న కెన్యాతో మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. కుండపోత వానలో జనం తడుస్తూ నిలబడ్డారు. అది ఆయన వందో మ్యాచ్. 3-0తో గెలిచారు.

ఆరేళ్ల తర్వాత కోల్‌కతాలో 59 వేల మంది వచ్చింది ఆ పిలుపు అందుకునే. 0-0 అని తేలాక కూడా వారు కదల్లేదు. సహచరులు రెండు వరుసలుగా నిలబడి చప్పట్లు కొడుతుంటే, కళ్ల నిండా నీళ్లతో ఛెత్రీ మైదానం చుట్టూ నడిచాడు, ప్రతి గ్యాలరీకి చేతులు జోడించాడు. గెలుపు దక్కనందుకు మండిపడిన గొంతులే ఆయన పేరు పిలిచాయి.

మా ఊరి సంగతి వేరుగా ముగిసింది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడే రోజుల్లో దక్కన్ లెజియన్ అభిమానులు గచ్చిబౌలి గ్యాలరీలో ఒక మూల పసుపు జెండాలు కట్టుకుని, జట్టు వరుసగా ఓడిపోతున్న సీజన్లలో కూడా వచ్చి అరిచేవారు, డ్రా అయితే తిట్టుకుంటూ బస్సు ఎక్కేవారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. అగ్రశ్రేణి లీగులో డ్రా అయిందని బాధపడటానికి గచ్చిబౌలికి ఇప్పుడు సొంత జట్టు లేదు.